బఠాణీకి పాలపళ్ళు తీయించిన వేసవి

కుక్కపిల్లకి పళ్ళు తీయించామంటే మనవాళ్ళు నవ్వుతారు. నేను చెప్పిన ప్రతివాళ్ళూ నవ్వారు. మీరూ నవ్వదలుచుకుంటే ఇక్కడే నవ్వేసుకుని తర్వాత చదవండి. నాకు మాత్రం ఆ వేసవి నవ్వులాట కాలేదు. ఇన్నాళ్ళూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు, చెప్పుకోవడానికి చుట్టుపక్కల ఎవరూ లేరు కూడా. ఇప్పుడు కాస్త కుదుటపడ్డాక రాస్తున్నాను. రాస్తే మనసు నిలకడపడుతుందని కొంత, చిన్న జాతి కుక్కపిల్లని తెచ్చుకున్నవాళ్ళు ఎవరైనా ఇది చదివి దాని నోరు ఒకసారి తెరిచి చూస్తారని కొంత.

1984 ఫిబ్రవరి

అప్పటికి మేం అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని చాండ్లర్ వచ్చి ఏడాది దాటింది. మా ఆయన సుధాకర్ కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఇంటి వెనక దున్ని వదిలేసిన పత్తిచేలు, ముందు వెడల్పాటి రోడ్డు. కిటికీ దగ్గర ఎంతసేపు నిలబడినా కార్లు పోతాయి గానీ మనిషి కనిపించడు. తెలుగువాళ్ళంటే ఫీనిక్స్ వెళ్ళాలి, అదీ పండగలకి.

ఆయన పొద్దున్నే వెళ్ళి చీకటిపడే వేళకి వచ్చేవారు. వచ్చాక స్నానం, భోజనం, టీవీలో వార్తలు, నిద్ర. మా మధ్య కోపాలు లేవు, దెబ్బలాటలు లేవు. మాటలూ లేవు. "ఆఫీస్ ఎలా ఉంది?" అంటే "ఉంది" అనేవారు. ఆ ఒక్క ముక్కతో సాయంత్రమంతా సరిపెట్టుకోవడం నాకు అలవాటైపోయింది. ఒక్కోసారి నా గొంతు ఎలా ఉంటుందో చూసుకోవడానికి వంటింట్లో పైకే మాట్లాడుకునేదాన్ని. పప్పుతో, పోపుతో, ఫ్రిజ్‌తో.

పక్కింటి మిసెస్ ఒర్తేగా గోడ అవతల నుంచి అది విన్నదో ఏమో. భర్త పోయిన పెద్దావిడ, నన్ను "మీహా" అని పిలిచేది, వాళ్ళ భాషలో అమ్మాయీ అని. ఆవిడ దగ్గరున్న చివావా పిల్లల్ని పెట్టింది. చివావా అంటే మన ఎలకకి కాస్త పెద్దన్న లాంటి కుక్క. ఒకరోజు ఆవిడ వాటిలో అన్నిటికన్నా చిన్నదాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"ఇది ఇంగ్లీషు మాట్లాడదు. నువ్వు నీ భాషే మాట్లాడుకోవచ్చు" అంది.

దానికి బఠాణీ అని పేరు పెట్టాను. ఆయన వచ్చి చూసి ముఖం చిట్లించారు. "ఇంట్లో కుక్కా? సర్లే, వంటింట్లోకి రానివ్వకు" అన్నారు. అంతే. ఆ తర్వాత ఆయన దాన్ని ముట్టుకోగా నేను చూడలేదు.

నాకు మాత్రం రోజుకి ఒక రూపం వచ్చింది. మేం మాంసం వండం కాబట్టి మిసెస్ ఒర్తేగా చెప్పిన డబ్బా తిండి కాస్త, మన పప్పన్నం కాస్త, పెరుగన్నం కాస్త పెట్టేదాన్ని. పెరుగన్నం అంటే గిన్నెలోకి కాళ్ళతో సహా దిగేది.

మే, జూన్

పిల్లలకి లాగే కుక్కపిల్లలకీ పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తాయని అప్పుడే తెలిసింది. కార్పెట్ మీద బియ్యపు గింజంత పన్ను దొరికితే మురిసిపోయాను. ఆ సాయంత్రం ఆయనకి చూపిస్తే "ఊఁ" అన్నారు. మా ఊళ్ళో అయితే పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదకి విసిరేవాళ్ళం. ఇక్కడ పేడ ఎక్కడ తేను, నవ్వుకుని అగ్గిపెట్టెలో దాచాను.

తర్వాత మరి ఏదీ దొరకలేదు. కొత్తవి వస్తున్నాయి, పాతవి పోవడం లేదు. నోరు తెరిచి చూస్తే కోరపళ్ళు రెండేసి పక్కపక్కన, ఇరుకు బస్సులో ఒకే సీటు కోసం నిలబడ్డ ఇద్దరిలా ఉన్నాయి. అన్నం నోట్లో పెట్టుకుని వదిలేసేది. ముందుకాలితో మూతి గోక్కునేది. నీళ్ళగిన్నెలో ఒకసారి గులాబీ రంగు చార కనిపించింది.

నేను దానికి తిండి నచ్చడం లేదనుకున్నాను. నెయ్యి ఎక్కువ వేశాను. ముద్దపప్పు మెత్తగా చేశాను. మజ్జిగలో ఇంగువ కూడా వేశాను, తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఫీనిక్స్‌లో ఉండే శారదగారికి ఫోన్ చేశాను. ఆవిడ పిల్లల డాక్టరు, నాకు అక్కలాంటిది అని నేననుకునేదాన్ని. ఆవిడ ఏమనుకునేదో తెలియదు.

"పాలపళ్ళేగా విమలా, వాటంతటవే ఊడతాయి. తొందరపడకు" అంది. తర్వాత ఫోన్ పక్కకి పెట్టి ఇంట్లోవాళ్ళతో "విమల కుక్కకి డెంటిస్ట్ కావాలట" అనడం, అక్కడ నలుగురు నవ్వడం నాకు వినిపించింది. నేనూ నవ్వి పెట్టేశాను. పెట్టేశాక చాలాసేపు ఫోన్ దగ్గరే కూర్చున్నాను. ఇంత పెద్ద దేశంలో కుక్క పళ్ళ గురించి దిగులుపడుతున్నదాన్ని నేనొక్కదాన్నే అనిపించింది.

ఆవిడ చెప్పింది మనిషి పిల్లల విషయంలో తప్పు కాదు. కానీ ఇలాంటి చిన్న జాతి కుక్కల్లో పాలపన్ను ఊడకుండా మొండికేస్తే, కొత్త పన్ను దారి దొరక్క పక్కకి పెరుగుతుంది. బఠాణీకి కింది కోరపన్ను లోపలికి తిరిగి, నోరు మూసినప్పుడల్లా పై అంగిట్లో గుచ్చుకుంటోంది. మూడు వారాలు నేను దాన్ని అలాగే నోరు మూసుకోమని బుజ్జగించాను.

జులై

పశువుల ఆసుపత్రి అంటే నాకు తెలిసింది గేదెలు, గొలుసులు, గడ్డివాసన. ఇక్కడ ఏసీ, కుర్చీలు, పత్రికలు. వచ్చినవాళ్ళందరి ఒళ్ళోనూ ఏదో ఒక ప్రాణి. ఒకరి పేరు ఒకరికి తెలియదు, కుక్కల పేర్లే తెలుసు. నన్ను అక్కడ "బటానీ వాళ్ళమ్మ" అన్నారు. ఆ పిలుపు ఇంకోసారి వినాలనిపించి వెంటనే లేవలేదు.

డాక్టర్ హెల్మ్ పొడుగాటి మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. అంగిట్లో పడ్డ గుంట చూపించాడు. మత్తు ఇచ్చి పాలపళ్ళు నాలుగూ తీసేయాలన్నాడు. "చిన్న ప్రాణులకి మత్తు కాస్త జాగ్రత్తగా ఇవ్వాలి. ముందురోజు సాయంత్రం నుంచి ఏమీ తినకూడదు" అని రెండుసార్లు చెప్పాడు.

ఆ సాయంత్రం ఆయనతో "రేపు దాని పళ్ళు తీస్తారు" అన్నాను. ఆయన "ఊఁ" అన్నారు. తిండి సంగతి ఆయనకి చెప్పాలని నాకు తోచనే లేదు. కుక్కకి ఆయన పెట్టేదేముంది గనక.

పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి ఆయన కారు వెళ్ళిపోయింది. బఠాణీని బుట్టలో పెట్టుకుని డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. లైసెన్స్ కొత్తగా వచ్చింది, చేతులు చెమటలు పట్టేసి స్టీరింగ్ జారుతోంది.

"ఏమీ తినలేదు కదా?" అని డాక్టరు అడిగాడు.

"నీళ్ళు కూడా ఇవ్వలేదు" అన్నాను. ఆ మాట ఎంత గట్టిగా చెప్పానో ఇప్పటికీ గుర్తుంది.

లోపలికి తీసుకెళ్తుంటే అది నర్సు భుజం మీదుగా నన్నే చూసింది. నేను పత్రిక తెరిచాను. ఒకే పేజీ చూస్తూ కూర్చున్నాను. పక్కన పెద్ద వేటకుక్కతో ఒక ముసలాయన ఉన్నాడు. మాట్లాడలేదు గానీ ఏసీ గాలి నా మీద సూటిగా కొడుతోందని చూసి లేచి తన కుర్చీ నాకిచ్చాడు.

డాక్టరు బయటికి వచ్చినప్పుడు అతని ముఖం చూసి లేచి నిలబడ్డాను. పళ్ళు తీయడం బాగానే జరిగిందట. మత్తులోంచి తేరుకునే వేళ వాంతి చేసుకుందట, అందులో కొంత ఊపిరితిత్తుల్లోకి పోయిందట.

"దాని పొట్టలో ఆహారం ఉంది. తెల్లగా, పాలలాంటిది" అన్నాడు.

"ఉండదు. నేనేమీ పెట్టలేదు."

డాక్టరు నాతో వాదించలేదు. నా మాట నమ్మలేదని ఆ వాదించకపోవడంలోనే తెలిసింది. "ప్రస్తుతం ఆక్సిజన్‌లో పెట్టాం. ఈ రెండు మూడు రోజులూ గడిస్తే గానీ చెప్పలేను" అన్నాడు.

అందరూ నన్నే చూస్తున్నారనిపించింది, కుక్కలతో సహా. రిసెప్షన్‌లో అమ్మాయి అడక్కుండానే ఫోన్ నా వైపు తిప్పింది. పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన ఆఫీస్‌కి ఫోన్ చేశాను. ఆయన ఎక్కడున్నారో వాళ్ళు వెతకడానికి చాలాసేపు పట్టింది. మధ్యాహ్న భోజనాల వేళ, క్యాంటీన్‌లో లేరన్నారు. చివరికి దొరికారు. "వస్తున్నాను" అన్నారు, ఎందుకని అడగలేదు.

మెడలో ఫ్యాక్టరీ బ్యాడ్జీతోనే వచ్చారు. నా పక్కన కూర్చున్నారు. డాక్టరు చెప్పింది చెప్పాను. "పాలలాంటిది ఏదో ఉందంటారు, నేను పెట్టలేదంటే నమ్మరు" అన్నాను.

ఆయన నేల వైపు చూస్తూ, నాకు మాత్రమే వినిపించేంత మెల్లిగా అన్నారు. "నేను పెట్టాను. పొద్దున. రెండు చెంచాల పెరుగు, పంచదార కలిపి."

నాకు వెంటనే అర్థం కాలేదు. "మీరా?"

"ఆపరేషన్‌కి వెళ్తోంది కదా. నేను పరీక్షలకి వెళ్ళేటప్పుడల్లా మా అమ్మ పెరుగు నోట్లో పెట్టే పంపేది. ఖాళీ కడుపుతో గడప దాటనిచ్చేది కాదు." మెడలో బ్యాడ్జీ తీసి జేబులో పెట్టుకున్నారు. "పెట్టకూడదని నాకు తెలియదు విమలా. నువ్వు చెప్పలేదు."

"ఎప్పుడు చెప్పను మీకు? మీరు వింటే కదా" అన్నాను. తెలుగులోనే అన్నాను కానీ గొంతు పెరిగిందేమో, ఎదురుగా పిల్లిని పట్టుకున్న ఆవిడ తల తిప్పుకుంది. ఆయన మెల్లిగా లేచి వెళ్ళి డాక్టరుతో తనే చెప్పారు. తన ఇంగ్లీషులో పెరుగు, పంచదార, అమ్మ, పరీక్ష అన్నీ వివరిస్తూ నిలబడ్డ ఆయన వీపు చూస్తుంటే నాకు జాలి వేసి ఉండాల్సింది. వేయలేదు. ఒళ్ళు మండిపోయింది.

ఆ తర్వాతి రోజులు రోజూ వెళ్ళి కూర్చున్నాను. గాజు పెట్టెలో బఠాణీ పక్కటెముకలు ఎగిరెగిరి పడుతుంటే చూసేదాన్ని. రిసెప్షన్ అమ్మాయి మధ్యాహ్నం తలుపు మూసే గంటలో నన్ను బయటికి పంపకుండా ఆ పెట్టె పక్కన స్టూల్ వేసేది. ఒకరోజు బయటికి వచ్చేసరికి కారు స్టీరింగ్ మీద తడితువ్వాలు పరిచి ఉంది. అరిజోనా జులైలో స్టీరింగ్ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. వేటకుక్క ముసలాయన అటు పోతూ టోపీ కాస్త ఎత్తాడు. కారులో కూర్చుని ఆ తడితువ్వాలు ముఖానికి అదుముకుని ఏడ్చాను. దాని కోసమూ ఏడ్చాను, నా కోసమూ ఏడ్చాను. ఇది కూడా పోతే ఆ ఇంట్లో మళ్ళీ ఫ్రిజ్‌తో మాట్లాడాలి. నా భయమంతా అదే.

సాయంత్రాలు ఆయన నా ముఖం చూసేవారు, నేను తల అడ్డంగానో నిలువుగానో ఊపేదాన్ని. ఇన్నాళ్ళూ ఆయన మాట్లాడేవారు కాదు, ఇప్పుడు నేనూ మానేశాను. ఇంట్లో గరిటెల చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆగస్టు

బఠాణీ ఊపిరి నెమ్మదించింది, జ్వరం దిగింది. డాక్టరు ఇంటికి పంపాడు. "ఇక మిగిలింది తినడం. మెత్తనిది ఏదైనా సరే, మీ పెరుగైనా సరే" అని కొంచెం నవ్వాడు.

అది తినలేదు. నేను గిన్నె పట్టుకొస్తే చాలు సోఫా కిందకి దూరేది. నా చెయ్యంటే దానికి మందు. పూటపూటకీ దవడ తెరిచి చేదు పోసిన చెయ్యి. పెరుగన్నం, జావ, డబ్బా తిండి, మిసెస్ ఒర్తేగా కాచి తెచ్చిన గంజి, ఏదీ ముట్టలేదు. ఎత్తుకుంటే బరువే తెలియడం లేదు. ఫోన్ చేస్తే డాక్టరు గొంతు మారింది. రేపటికి తినకపోతే తీసుకురండి, గొట్టం వేయాలి, మళ్ళీ మత్తివ్వాలి, ఈసారి తట్టుకుంటుందని నేను చెప్పలేను అన్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగా వంటింట్లో గిన్నె ముందు కూర్చుని ఉన్నాను. ఆయన ఆఫీస్‌కి తయారై వచ్చారు. బఠాణీ సోఫా కిందనుంచి వచ్చింది. నా వైపు రాలేదు. తూలుకుంటూ వెళ్ళి ఆయన బూట్ల దగ్గర కూర్చుని తలెత్తి చూసింది. అది కొత్తగా కూర్చున్న కూర్చోవడం కాదు. ఆ చోటు దానికి బాగా అలవాటు.

"మీరు రోజూ పెట్టేవారా?" అని అడిగాను. ఆసుపత్రి తర్వాత ఆయనతో నేనన్న మొదటి మాట అది.

"పొద్దున పెరుగు వేసుకునేటప్పుడు ఒక చెంచా. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు."

"ఇప్పుడూ పెట్టండి."

ఆయన వెనక్కి జరిగారు. "నా చేత్తోనా? వద్దు విమలా. ఒకసారి చేసింది చాలు."

"నా చేత్తో తినడం లేదు. చచ్చిపోతుందండీ. పెట్టండి."

ఆయన ప్యాంటు నలుగుతుందని కూడా చూడకుండా కింద కూర్చున్నారు. పెరుగులో వేలు ముంచి చాచారు. అది వాసన చూసింది, తినలేదు. చూసి చూసి ఆయన నా వైపు తిరిగి, ఎన్నడూ లేనంత మొహమాటంగా, "నువ్వు కాస్త అవతలికి వెళ్తావా?" అన్నారు.

వెళ్ళాను. హాల్లో గోడకి ఆనుకుని నిలబడ్డాను. తర్వాత ఆయన మాట్లాడటం మొదలుపెట్టారు. అది నాకు తెలిసిన గొంతు కాదు. తీరిగ్గా, చనువుగా, గోదావరి యాసతో, పెళ్ళయిన కొత్తలో కూడా నాతో అలా మాట్లాడలేదు.

"ఏరా, అలిగావా? తినరా. నువ్వు లేక నాకు పొద్దున పూట ఏం తోచట్లేదు. ఇవాళ కూడా కారులోనే రా మన భోజనం. పార్కింగ్‌లో ఆ ఒక్క చెట్టు కింద చోటు దొరికితే పర్లేదు, లేదంటే కుంపట్లో కూర్చున్నట్టే. నాతో కూర్చుని తినే పటేల్ వెళ్ళిపోయాక లోపల ఎవరితో కూర్చోను చెప్పు. డబ్బా మూత తీస్తే చాలు, ఆ వాసనకి పక్కవాళ్ళు కుర్చీలు జరుపుకుంటున్నారు. పారేద్దామంటే చెయ్యి రాదు. పాపం విమల పొద్దున్నే లేచి వండుతుంది. నువ్వు మాత్రం తనకి చెప్పకు."

తర్వాత చప్పుడు వినిపించింది. చిన్న నాలుకతో నాకుతున్న చప్పుడు, ఆగి ఆగి, మళ్ళీ మళ్ళీ.

అది బతికిందని అప్పుడు తెలిసింది. సంతోషించాను. కానీ నేను విన్నది అదొక్కటే కాదు. నేను పొద్దున్నే ముద్దలు కట్టి పెడుతున్న డబ్బాని ఆయన నలభై డిగ్రీల ఎండలో కారు అద్దాలు దింపుకుని తింటున్నారు. ఆఫీస్ ఎలా ఉంది అంటే "ఉంది" అంటున్నారు. ఒకే ఇంట్లో ఇద్దరం ఒక కుక్కపిల్లని వంతులవారీగా పట్టుకుని వేలాడుతున్నాం, ఒకరికొకరం తెలియకుండా.

వంటింట్లోకి వెళ్ళాను. ఆయన టక్కున మాట ఆపేశారు. బఠాణీ ఆపలేదు, ఆయన వేలు నాకుతూనే ఉంది. నేను వెళ్ళి పక్కనే కింద కూర్చున్నాను.

"ఆగారేం, చెప్పండి."

"ఏం లేదు. ఊరికే."

"దానికి చెప్పేది నాకూ చెప్పండి."

ఆయన గడియారం వైపు చూశారు. ఆఫీస్‌కి టైమైపోతోంది, లేచి వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. మళ్ళీ పెరుగులో వేలు ముంచారు.

"పటేల్ శీతాకాలంలోనే వెళ్ళిపోయాడు" అని మొదలుపెట్టారు.

నా వైపు చూడలేదు. బఠాణీ వైపే చూస్తూ చెప్పారు. నేనూ దాని వైపే చూస్తూ విన్నాను.